జిరాక్స్

బహ్రెయిన్‌లోని బుదైయాలో నేనున్న గదికి బస్సులో వెళ్తూ ఫోన్ పదేపదే తెరిచి చూసుకుంటున్నాను. ప్రాచీన ఈజిప్టు మీద నా పరిశోధనకు అండగా ఉన్న విదేశీ సంస్థ ఇంకో ఏడాది నన్ను ఉంచుకుంటుందో లేదో ఆ మధ్యాహ్నమే మెయిల్ రావాలి. బహ్రెయిన్ పాత సమాధుల్లో దొరికిన ఈజిప్టు పూసలు చూసి రమ్మని పంపిందీ వాళ్ళే.

అమ్మతో ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని పక్క సీటాయన పలకరించాడు. జగిత్యాల దగ్గరి ఊరట, విల్లాలకు రంగులేసే పని.

"దుబాయికి ఎప్పుడొచ్చినవ్ తమ్మీ? నీ కఫీల్ ఎవరు?"

గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్ళ ఊళ్ళలో దుబాయే. వీసాకు పూచీ పడే యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. నాకు అలాంటివాళ్ళు లేరని చెప్పి, సంస్థ సంగతి వివరించాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఆళ్ళు పొమ్మన్న కాడికి పోతవు. ఖలాస్ అంటే ఇంటికి పోతవు. మరి కఫీల్ గాదా? పాస్‌పోర్ట్ ఆళ్ళ కాడనే ఉందా?"

"లేదన్నా, నా దగ్గరే ఉంది" అని గొప్పగా జేబు తట్టాను.

"మరి నువ్వు జేసిన పని?"

నాలుగేళ్ళుగా గీసిన బొమ్మలు, రాసిన నోటుబుక్కులు గుర్తొచ్చాయి. ఒప్పందం ప్రకారం నిండిన ప్రతి పుస్తకమూ సంస్థకు పంపేశాను.

"అవన్నీ వాళ్ళ దగ్గరే."

ఆయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల మడతలు నలిగిన కాగితం.

"నా పాస్‌పోర్ట్ కంపెనీల ఉంది. జిరాక్స్ మాత్రం నా కాడ్నే ఉంటది. నీ రాతలకు జిరాక్స్ తీసుకున్నవా?"

తీసుకోలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. మెయిల్ వాళ్ళదే.