షఫీక్ భాయ్ పీకని టెంటు

మా మండలంలో పెళ్ళయినా, చావయినా, పార్టీ మీటింగయినా టెంటు వేసేది షఫీక్ భాయే. వాళ్ళ నాన్న అహ్మద్ గారు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చేవారట. కొడుకు దాన్ని షామియానాలు, కుర్చీలు, మైకు సెట్టు దాకా తెచ్చాడు. మా పల్నాడులో ఈ వ్యాపారం చెయ్యాలంటే గుడ్డ రంగు చూసుకోవాలి. ఫలానా రంగు కడితే ఫలానా పార్టీ వాడంటారు. అందుకని ఆయన దగ్గరున్నవన్నీ ఏ జెండాకీ కలవని గళ్ళ గుడ్డలు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. ఎవరి మీటింగులోనూ ఆయన కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. వెనకాల నిలబడి తాళ్ళ వంక చూస్తుంటాడు.

నా పేరు ఝాన్సీలక్ష్మి. అంగన్‌వాడీ టీచర్ని. ఆ డిసెంబరులో జీతాలు పెంచాలని, రిటైరైనప్పుడు గ్రాట్యుటీ ఇవ్వాలని రాష్ట్రమంతా మేం సమ్మెకు దిగాం. మా మండలంలో టీచర్లూ ఆయాలూ కలిసి అరవై మందిమి, తహసీల్దారు ఆఫీసుకి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో శిబిరం పెట్టాం. టెంటు కావాలని అడగడానికి నేనే వెళ్ళాను.

"ఎన్ని రోజులకు టీచరమ్మా?" అన్నాడు.

"నాలుగైదు రోజులు భాయ్. ఆ లోపు పిలిచి మాట్లాడతారు."

పిలవలేదు. పది రోజులయింది, ఇరవై అయింది. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి మేకులు దిగకొట్టి, సడలిన తాళ్ళు బిగించి పోయేవాడు. ఒక్క నినాదం కూడా ఇవ్వలేదు. మధ్యాహ్నం మేం ఫోన్లో వార్తలు చూసుకుంటుంటే మాత్రం వెనక నుంచి వంగి చూసేవాడు. ఒకసారి ఆ వార్తల్లో, ఏదో దేశంలో కాలేజీ పిల్లలు వేసుకున్న గుడారాలను పోలీసులు లాగేస్తున్నారు. "అక్కడ కూడా ముందు టెంటు మీదకే వస్తారా" అన్నాడు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ముందు నోటీసులొచ్చాయి. తర్వాత గ్రామ సచివాలయం వాళ్ళొచ్చి మా సెంటర్ల తాళాలు పగలగొట్టారు. ఇరవై ఆరో రోజున ఎస్మా పెట్టారని టీవీలో చెప్పారు. అత్యవసర సేవల చట్టమట. ఇక సమ్మె చేస్తే ఉద్యోగం తీసేయొచ్చు, జైల్లో పెట్టొచ్చు. పిల్లలకు అన్నం వండిపెట్టే పని అంత అత్యవసరమని ప్రభుత్వం అనడం అదే మొదటిసారి. మాలో నలుగురు, మొగుళ్ళ మాట విని ఇళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళం అక్కడే కూర్చున్నాం.

సోమవారం పొద్దున షఫీక్ భాయ్‌ని స్టేషనుకి పిలిచారు. అక్కడేం జరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు. ఎస్సై గంటసేపు నిలబెట్టి, అప్పుడు తలెత్తాడట.

"ఏంది షఫీక్, యూనియన్లో చేరావంటగా."

"లేదు సార్. అద్దెకిచ్చాను."

"రెండింటికల్లా ఆ టెంటు లేవాలి. లేకపోతే నీ బండి ఇక్కడుంటది. ఇంకో మైకు పర్మిషనుకి నా గుమ్మం తొక్కబాక."

ఆయన వచ్చేశాడు. ఆ వారంలో బెల్లంకొండలో ఒక పెళ్ళి, మాచర్లలో ఒక పెద్దకర్మ ఒప్పుకుని ఉన్నాడు. బండి లేకపోతే రెండూ పోతాయి.

పన్నెండున్నరకు ఆటో ట్రక్కు తెచ్చి శిబిరం పక్కన ఆపాడు. నా దగ్గరకొచ్చి నేలను చూస్తూ అన్నాడు: "తీసేస్తాను టీచరమ్మా. నా వల్ల కాదు."

మాలో కొందరు గట్టిగానే తిట్టారు. ఎంతకు అమ్ముడుపోయావని అడిగారు. అంజమ్మ అని మా ఆయా, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, వాళ్ళను కసిరింది. "ఆ మనిషినేమన్నా అంటే ఊరుకోను. బతకొద్దా ఆయన?" అని, లేచి టెంటు నడుమ ఉన్న ఇనప పైపు దగ్గరకు పోయి దాన్ని కావిలించుకుని కూర్చుంది. చూసి ఇంకో పది మంది ఆమె చుట్టూ చేరారు. నేనూ చేరాను.

షఫీక్ భాయ్ ఒకవైపు తాళ్ళు విప్పాడు. గుడ్డ ఆ వైపు వంగింది. అప్పటికే పోలీసు జీపు, వెనక రెండు వ్యాన్లు వచ్చి ఆగాయి. రెండోవైపు కూడా సగం విప్పి, ఆయన నడిమి పైపు దగ్గరకొచ్చాడు.

"అక్కా, చెయ్యి తియ్యి."

"తియ్యను తమ్ముడూ. నీ పని నువ్వు చేసుకో."

ఆయన పైకి చూశాడు. దుమ్ము పట్టి బరువెక్కిన గుడ్డంతా ఇక ఆ ఒక్క పైపు మీదే ఉంది. వెనక్కి పోయి, విప్పిన తాళ్ళను మళ్ళీ మేకులకు కట్టడం మొదలుపెట్టాడు.

ఎస్సై జీపు దిగాడు. "ఏం చేస్తన్నావ్?"

"ఆడోళ్ళు కింద ఉన్నారు సార్. ఇప్పుడు లాగితే ఆళ్ళ మీద పడుద్ది. ముందు ఆళ్ళు లేవాల. నేను లాగను."

"నువ్వు లాగేదేంది?" అని ఎస్సై కానిస్టేబుళ్ళకు సైగ చేశాడు.

ఇద్దరు కొడవళ్ళతో తాళ్ళు కోశారు. ఒక్కసారిగా చీకటి పడ్డట్టయింది. గుడ్డ మా తలల మీదకొచ్చింది. దుమ్ము, అరుపులు. పైపు పక్కకు ఒరగడం అంజమ్మ భుజం కదిలినప్పుడు నాకు తెలిసింది. అది పడలేదు. షఫీక్ భాయ్ గుడ్డ కిందకు దూరి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "పాక్కుంటా పోండమ్మా, లేవబాకండి" అంటున్నాడు. మేం మోకాళ్ళ మీద పాకి బయటపడ్డాం. చివర అంజమ్మ వచ్చింది. ఆ తర్వాత బయట ఎవరో గుడ్డను లాగారు. పైపు జారి, అడుగున దాన్ని నిలబెట్టే ఇనప దిమ్మకూ పైపుకూ మధ్య ఆయన కుడిచెయ్యి పడింది. ఆయన అరవలేదు. "యా అల్లా" అని మెల్లగా అనడం మాత్రం వినపడింది.

మమ్మల్ని వ్యాన్లెక్కించి ఒక కల్యాణమండపంలో సాయంత్రం దాకా కూర్చోబెట్టి వదిలేశారు. ఆయన్ని మాత్రం చేతికి గుడ్డ చుట్టి స్టేషనుకి తీసుకుపోయారు. ప్రభుత్వ ఉద్యోగి విధులకు అడ్డుపడ్డాడని కేసు రాశారు. బండి, టెంటు, మైకు అన్నీ స్టేషను ఆవరణలో పెట్టారు. బెల్లంకొండ పెళ్ళికి చిలకలూరిపేట నుంచి వేరే వాళ్ళొచ్చారు.

మర్నాడు మేం అదే చోట ఎండలో కూర్చున్నాం. చుట్టుపక్కల ఏ టెంటు హౌస్ వాళ్ళూ ఫోనెత్తలేదు. ఇంకో రెండు వారాలు గడిచాక ప్రభుత్వం పిలిచింది. కొన్నింటికి సరేనంది, కొన్ని తర్వాత చూద్దామంది. మేం సెంటర్లకు పోయాం. మా ఉద్యోగాలు మాకు దక్కాయి.

షఫీక్ భాయ్ బండి మాత్రం ఎండాకాలానికి గానీ రాలేదు. అప్పటికి గుడ్డల్లో సగం ఎలుకలు కొట్టేశాయి. ఆయన కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకోవు. ముడి వెయ్యడం ఇప్పుడు ఆయన భార్య వంతు. ఆ కేసులోనే తర్వాత నా పేరూ, అంజమ్మ పేరూ రాశారు. వాయిదాలకు ముగ్గురం ఒకే బస్సులో గురజాల పోతాం.

ఒకసారి కోర్టు వరండాలో అడిగాను, ఆ రోజు ఎందుకు ఆగిపోయావని.

"ఆ పైపు బరువెంతో నాకు తెలుసు టీచరమ్మా. మీకు తెల్వదు, ఆళ్ళకూ తెల్వదు" అన్నాడు.

మొన్న పారిశుధ్య కార్మికులు సమ్మె చేస్తూ టెంటు కోసం ఆయన దగ్గరకొచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన చేతి వంక చూసుకుని, పోలీసు పర్మిషన్ కాయితం తెమ్మన్నాడు. అది దొరకదని వాళ్ళకూ తెలుసు, ఆయనకూ తెలుసు. వాళ్ళు వెళ్ళిపోయి, తహసీల్దారు ఆఫీసు గోడ నీడన కూర్చున్నారు.

"పిరికోణ్ణయిపోయానా టీచరమ్మా?" అన్నాడు.

వేళ్ళు పోయినాయన ఆయన, ఉద్యోగం దక్కినదాన్ని నేను. వచ్చే వాయిదా ఎప్పుడని అడిగాను. పదిహేడో తారీకన్నాడు. ఏడున్నర బస్సుకు పోదామన్నాను. సరేనని లోపలికి పోయాడు.