చిన్నమ్మల శనివారం

జమ్మలమడుగు మిషను హోములో మాతో పాటు ఉన్న ఆడపిల్లల్లో ఒక్కరికీ తల్లి లేదు. చిన్నమ్మలు మాత్రం దండిగా ఉండేవారు. నెలకొక శనివారం మధ్యాహ్నం నాపబండల వరండాలో వరసగా కూర్చునేవారు. చిన్నమ్మలు, పెద్దమ్మలు, ఒకరిద్దరు మేనత్తలు. పిల్లల ముక్కులూ మూతులూ వాళ్ళ మొహాల్లో అచ్చంగా కనపడేవి. ఒక మేనత్త రవిక పాలతో తడిసి ఉంటే హోము చూసుకునే మా మేట్రనమ్మ దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూసేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వే తీరిక నాకు లేదు. నాకు తొమ్మిదేళ్ళు, నా చెల్లెలికి మూడు నిండి నాలుగు నడుస్తోంది. ఆ వరండాలో మాకూ ఒక చిన్నమ్మ ఉండేది. ఆమె మా అమ్మ.

మాది రాజుపాళెం దగ్గర ఒక పల్లె. కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. వాన మాత్రం రాలేదు. ఊట కోసం బావులు ఇంకా లోతుకు తవ్వుకుంటూ పోయేవారు. అట్లా ఒక పెద్దరైతు బావిలో దిగిన మా నాయన మీద గట్టు విరిగి పడింది. ఆయనను పైకి తీసేసరికి సాయంత్రమైంది. నాయన తరఫు వాళ్ళు అప్పటికే మూటాముల్లె సర్దుకొని బళ్ళారి దిక్కు కాలువ పనులకు వెళ్ళిపోయారు. మాకు అటు చుట్టమూ లేదు, ఇటు చుట్టమూ లేదు.

ఊళ్ళో గంజి పోసే కేంద్రం ఉన్నన్నాళ్ళు దాని ముందు కూర్చున్నాం. అది ఎత్తేశాక నాగజెముడు పండ్లు కోసుకొని తిన్నాం. పండు మీది నూగుముళ్ళు సరిగ్గా కాల్చకుండా చెల్లెలు నోట్లో పెట్టుకుంది. ఆ రోజు అమ్మ దాన్ని ఒళ్ళో వేసుకొని నాలుక మీది ముళ్ళు ఒక్కొక్కటే గోళ్ళతో పీకింది. అది ఏడుస్తూనే చేతిలోని మిగతా పండు వదిలిపెట్టలేదు. అమ్మ దాని చేతి వైపు చాలాసేపు చూసింది. ఆమె గుండె అక్కడే పగిలిందని నేను అనుకుంటాను.

మా ఊళ్ళ మీదుగా తెల్లచీర కట్టుకొని సువార్త చెబుతూ తిరిగే ఒకామె ఉండేది. జమ్మలమడుగులో మిషను వాళ్ళ హోము ఉందనీ, రెండు పూటలా సంగటి పెడతారనీ, పాలపొడి పాలు కూడా పోస్తారనీ ఆమే చెప్పింది. అమ్మ ఆమె కాళ్ళావేళ్ళా పడింది. అయితే తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లలనే చేర్చుకుంటారట. తల్లి ఉన్నవాళ్ళను కూడా తీసుకుంటే ఈ కరువులో జిల్లా అంతా వచ్చి గేటు ముందు నిలబడుతుందట. నియమం తాను పెట్టింది కాదని చెప్పి ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మా అమ్మ ఏడవలేదు. మూడు రోజులు ఆలోచించింది.

నాలుగో రోజు మమ్మల్ని నడిపించుకొని బయలుదేరింది. జమ్మలమడుగు ఇంకా కొంచెం దూరం ఉందనగా పెన్నలోకి దిగాం. ఏట్లో నీళ్ళు లేవు. ఇసుకలో ఎవరో తోడిన చెలమ ఉంటే అందులోంచి దోసిళ్ళతో తాగించి, మొహాలు కడిగి, మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇంగ ఈడ నుంచి నేను మీ చిన్నమ్మను. మీ యమ్మ గూడా బాయిలో పడి సచ్చిపోయింది. ఎవురడిగినా అదే చెప్పల్ల," అంది.

నాకు అర్థమైంది. చెల్లెలికి అదొక ఆట. మీ యమ్మ యాడుంది అని అమ్మ అడిగేది, సచ్చిపోయింది అని చెల్లెలు చెప్పి పకపకా నవ్వేది. మళ్ళీ అడిగేది, మళ్ళీ నవ్వేది. నవ్వకుండా చెప్పేదాకా ఆ ఎండలో అమ్మ అడుగుతూనే ఉంది. చివరికి విసుగొచ్చి చెల్లెలు నవ్వకుండా చెప్పింది. అమ్మ దాన్ని దగ్గరకు తీసుకోబోయి ఎందుకో ఆగిపోయింది.

హోములో దొరసాని పెద్ద రిజిస్టరు ముందు పెట్టుకొని కూర్చుంది. పుస్తకాల్లో ఉండే తెలుగు మాట్లాడేది. నీ తల్లి ఎక్కడ ఉన్నది అని చెల్లెల్నే మొదట అడిగింది. చచ్చిపోయిందని చెప్పి చెల్లెలు మళ్ళీ పకపకా నవ్వింది. అంతా అయిపోయిందనుకున్నాను. దొరసాని కలం ఆపి దాన్ని చూసింది, మా అమ్మను చూసింది, పసిది కదా అని తల వంచి ఏదో రాసుకుంది. అమ్మ వేలిముద్ర వేసి, మా ఇద్దరి తలలూ నిమిరి వెళ్ళిపోయింది. పులివెందుల దిక్కు రోడ్డు వేస్తున్నారు, కరువు పని, అక్కడ కంకర కొట్టడానికి కుదిరింది. వెనక్కి తిరిగి చూడలేదు. చిన్నమ్మలు అంతగా తిరిగి చూడరని అనుకుందేమో.

మొదటి శనివారమే కొంప మునిగినంత పనయింది. అమ్మ గేట్లో అడుగు పెట్టగానే చెల్లెలు అమ్మా అని అరుస్తూ పరుగెత్తింది. మేట్రనమ్మ అక్కడే నిలబడి ఉంది. నేను వెనకే పరుగెత్తి దాని తొడ మీద గట్టిగా గిచ్చి, ఇది కనిపించిన ఆడమనిషినల్లా అమ్మా అంటుందని పెద్ద గొంతుతో చెప్పాను. అమ్మ కూడా చేతులు కట్టుకొని నిలబడింది. చెల్లెలు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి ఏడ్చింది. ఆ పూటంతా అమ్మ దాన్ని ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే తానే నోరు జారుతుందని భయం.

మమ్మల్ని హోములోంచి తోసేస్తే మళ్ళీ ఆ ముళ్ళపండ్లే గతి. అందుకని దానికి నేర్పే పని నేను నెత్తిన వేసుకున్నాను. నాకు ఏ పనైనా అరకొరగా చేయడం చేతకాదు. రోజూ సాయంత్రం బట్టలుతికే బండ దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని. నాయన బావిలో ఉంటే అమ్మ తొంగి చూసిందనీ, కాలు జారిందనీ, గట్టు ఇద్దరి మీదా విరిగిందనీ పూసగుచ్చినట్టు చెప్పాను. అమ్మా అంటే గిచ్చాను. చిన్నమ్మ అంటే నా పాలలో సగం పోశాను. అయినా దానికి నమ్మకం కుదరలేదు. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. ఆ తెలివి పుట్టిన నా తలను ఈనాటికీ క్షమించలేను.

హోము వెనక మిషను వాళ్ళ సమాధుల దొడ్డి ఉండేది. ఒక మూల వేపచెట్టు కింద గుర్తు లేని మట్టిదిబ్బ ఒకటి ఉంది. అది ఎవరిదో నాకు తెలియదు. చెల్లెల్ని అక్కడికి తీసుకుపోయి, అమ్మ ఇందులో ఉందని చూపించాను. చెల్లెలు మట్టి మీద చెయ్యి పెట్టి చూసింది. అమ్మా అని రెండుసార్లు పిలిచింది. జవాబు రాలేదు. అప్పుడు నమ్మింది. మూడు నాలుగు రోజులు అన్నం ముట్టకుండా ఏడ్చింది, పక్కలో నన్ను కరుచుకొని ఏడ్చింది. అది ఏడుస్తుంటే నా ప్రాణం కుదుటపడింది. పాఠం వచ్చేసిందనుకున్నాను.

నిజంగానే వచ్చేసింది. తర్వాతి శనివారం అది పరుగెత్తలేదు. మెల్లగా వెళ్ళి, చిన్నమ్మా ఏం తెచ్చినావు అని అడిగింది. అమ్మ కొంగుముడి విప్పి గుప్పెడు వేయించిన శనక్కాయలు దాని చేతిలో పోసింది. వెళ్ళేటప్పుడు నా చెవి దగ్గర వంగి శానా బాగా నేర్పినావు అంది. పొగడ్తకు నేను పొంగిపోయాను. ఆమె మొహం చూడాలని నాకు తోచలేదు.

హోములో మమ్మల్ని ఎవరూ చెడ్డగా చూడలేదు. జొన్నసంగటి, పప్పు, ప్రార్థన, చదువు, అన్నీ వేళకు జరిగేవి. తల్లినీ తండ్రినీ గౌరవించాలనే ఆజ్ఞను అందరి చేతా కంఠతా చెప్పించేవారు. అది చెబుతున్నప్పుడు పిల్లలందరమూ నేల చూపులు చూసేవాళ్ళం. మా చెల్లెలు ఒక్కతే తలెత్తి గట్టిగా చెప్పేది. దాని మనసులో దాపరికం లేదు. తంగేడు పూలు దొరికినప్పుడల్లా కోసుకుపోయి వేపచెట్టు కింది మట్టి మీద పెట్టి వచ్చేది.

ఒక శనివారం అది మా అమ్మ చెయ్యి పట్టుకొని, మాయమ్మను చూపిస్తా రా చిన్నమ్మా అంది. నేను అడ్డం పడబోయాను. అమ్మ కళ్ళతోనే వద్దంది. ఇద్దరూ ముందు, నేను వెనక. చెల్లెలు ఆ దిబ్బ మీది ఎండుటాకులు ఏరి పారేసి, కూర్చోమని చోటు చూపించింది. అమ్మ కూర్చుంది. తనకు ఇచ్చిన పువ్వును రెండు చేతులతో పుచ్చుకొని మట్టి మీద పెట్టింది. చెల్లెలు కళ్ళు మూసుకొని ప్రార్థన చేసింది. మా అమ్మను నీ దగ్గర బాగా చూసుకో ప్రభువా, సంగటి పెట్టు అని వేడుకుంది. మా అమ్మ ఆ రోజుకు రెండు పూటలుగా ఏమీ తినలేదని నాకు తర్వాత తెలిసింది.

తిరిగి వస్తుంటే అమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. గేటు దగ్గర ఆగి నాతో, "మంచి తావు సూపినావు పాపా. నీడుంది," అంది.

రెండో ఎండాకాలం వచ్చింది. వరసగా రెండు శనివారాలు అమ్మ రాలేదు. మిగతా చిన్నమ్మల్ని అడిగితే పనుల దగ్గర విషజ్వరాలు ఉన్నాయని ఒకామె చెప్పింది. ఆ తర్వాత ఒక ఉదయం బడి గదిలోకి మేట్రనమ్మ వచ్చి మా ఇద్దర్నీ లేపి, చెరొక చెయ్యి పట్టుకొని ఆసుపత్రికి నడిపించుకుపోయింది. కంకర పనివాళ్ళు బండి కట్టుకొని అమ్మను తెచ్చి పడేశారు. మంచం మీద అమ్మ పిడికెడు కూడా లేదు. చిన్నమ్మా అని గొణిగాను. ఆ స్థితిలో కూడా నాకు మేట్రనమ్మ భయమే.

మేట్రనమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మా అని పిలువు పాపా. నాకు మొదటి దినమే తెలుసు. దొరసానికీ తెలుసు," అంది.

అడిగితే నిజం చెప్పాల్సి వస్తుందనీ, చెబితే పంపేయాల్సి వస్తుందనీ, అందుకే ఎవరినీ ఏమీ అడగలేదనీ చెప్పింది. వాళ్ళు మంచివాళ్ళే. ఆ మాట మీద నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఆ క్షణంలో ఆమె చెయ్యి కొరకాలనిపించింది. వాళ్ళు కావాలనే కళ్ళు మూసుకున్నారని తెలియక ఇన్నాళ్ళూ నేను ఒక పసిదాని నోట్లోంచి ఒక్క మాట పీకడానికి దాన్ని గిచ్చి గిచ్చి చంపాను.

అమ్మా అని పిలిచాను. అమ్మ కళ్ళు తెరిచింది. నన్ను చూసి, నా పక్కకు చూసింది. ఆమె ఎదురుచూస్తున్నది నా పిలుపు కోసమే కాదు. చెల్లెలు మంచం కోడు పట్టుకొని నిలబడి ఉంది. చిన్నమ్మా లెయ్, శనక్కాయలు తేలేదా అని అడుగుతోంది. నేను దాన్ని పట్టుకొని కుదిపాను. ఈమే మన అమ్మ, అమ్మా అను, ఒక్కసారి అను అని బతిమాలాను. ఏడ్చాను. చివరికి, ఏ వేళ్ళతో గిచ్చి ఆ మాట మాన్పించానో అవే వేళ్ళతో గిచ్చాను.

అది నా చెయ్యి తోసేసింది. "మాయమ్మ సచ్చిపోయింది. నువ్వే గదా సూపించినావు," అంది.

అమ్మ నా వైపు చెయ్యి ఎత్తింది. గొంతు వినపడక వంగాను.

"ఇడ్సిపెట్టు పాపా. దానికి అమ్మ పోయిన ఏడుపు ఒగసారి అయిపాయ. మళ్లా ఇంగోసారి యాల?" అంది.

ఆమె పొద్దు తిరగకముందే పోయింది.

మట్టి ఇవ్వడానికి మాకు ఎవరూ లేరు కనుక మిషను వాళ్ళే సమాధుల దొడ్డిలో చోటిచ్చారు. వేపచెట్టు నీడ అందే చోటే కావాలని నేను మేట్రనమ్మను అడిగాను. ఇచ్చారు. పాదిరిగారి ప్రార్థన అయ్యాక అందరితో పాటు మేమూ గుప్పెడు మట్టి వేశాం. చెల్లెలి దగ్గర తంగేడు పూలు ఉన్నాయి. రెండు పూలు తీసి చిన్నమ్మ మీద పెట్టింది. మిగతా ఒడినిండా ఉన్న పూలను పక్కనున్న పాత దిబ్బ మీద పోసి, చిన్నమ్మ నీ కాడికి వస్తాంది, బాగా చూసుకోమని ఆ మట్టికి చెప్పింది.

చెల్లెలు ఇప్పుడు కమలాపురంలో ఉంటుంది, మనవరాళ్ళు ఉన్నారు. ఏటా ఒకసారి ఇద్దరం బస్సెక్కి జమ్మలమడుగు పోతాం. అది పెద్ద కొవ్వొత్తి ఎవరిదో తెలియని దిబ్బ మీద వెలిగిస్తుంది, చిన్నది మా అమ్మ మీద పెడుతుంది. మన చిన్నమ్మ శానా మంచిదక్కా, సొంత పిల్లలు లేకపోయినా మనల్ని చూసుకుంది అని ఏటా అదే మాట అంటుంది. నేను ఊ కొడతాను. అది కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు వంగి, అమ్మా అంటాను. అది తిరిగి వచ్చేలోపు నోరు మూసుకుంటాను.