ఉట్రెక్ట్‌లో ఒక రేవు

నా చిన్నప్పుడు మేం రువైస్‌లో ఉండేవాళ్లం, కానీ మా ఊరివాళ్ల లెక్కలో దుబాయ్‌లో ఉన్నట్టే. ఎనభైల మొదటి రోజులవి. రువైస్ అంటే ఒక చమురు శుద్ధి కర్మాగారం, కంపెనీ ఇళ్లు, ఒకపక్క సముద్రం, మిగతా అంతా ఇసుక. దుబాయ్‌ని నేను చూసింది ఒక్కసారే. అయినా సెలవులకి గోదావరి జిల్లాలో అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు "దుబాయ్ పిల్ల వచ్చింది" అంటే కాదనేదాన్ని కాదు. పెద్ద పేరు ఊరికే వస్తుంటే ఎవరు వద్దంటారు?

ఆ అలవాటే నా కొంప ముంచింది. నాన్నని మూడు నెలల శిక్షణకి కంపెనీ హాలండ్ పంపుతోందనీ, మమ్మల్ని కూడా తీసుకెళ్లొచ్చనీ తెలియగానే, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నామని బడంతా చాటింపు వేశాను. ఆ దేశంలో నేను పేరు విన్న ఊరు అదొక్కటే. తీరా చూస్తే శిక్షణ జరిగే చోటికి రెండు ఊళ్ల నుంచి రైలుందట, ఎక్కడ ఉంటామో నాన్నే చెప్పాలట. నాన్న ఉట్రెక్ట్ అని రాసిచ్చి వచ్చాడు.

ఆ పేరు పలకడానికే నాకు నోరు తిరగలేదు. నాన్నతో పనిచేసే కరీంనగర్ మామ మా ఇంటికొచ్చి మరీ తగులుకున్నాడు. "ముదీర్ ఆమ్‌స్టర్‌డామ్ ఇస్తనంటే ఎవలన్న వద్దంటరా అన్నా? గా సన్న ఊర్ల ఏమున్నదని?" ముదీర్ అంటే వాళ్ల మేనేజరు. నాన్న మాత్రం "అక్కడ అద్దె తక్కువ, గోల తక్కువ. ఖలాస్" అని టీ గ్లాసు చేతికిచ్చాడు. మా నాన్న ఇంత పిసినారా అని నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో ఇంకో సంగతి ఉంది. అది నాకు సగమే అర్థమయ్యేది. ఆ వేసవిలో నాకు తమ్ముడు పుట్టి, తొమ్మిదో రోజున పోయాడు. అప్పట్నుంచీ అమ్మ వండేది, నాకు జడ వేసేది, ఏమడిగినా తల ఊపేదే తప్ప మాట్లాడేది కాదు. గడప దాటేది కాదు. ఒక శుక్రవారం నాన్న బలవంతాన మమ్మల్ని అబుదాబి తీసుకెళ్తే, బజారులో జనం మధ్య అమ్మ ఉన్నట్టుండి నేలమీద కూలబడింది. నాన్న అట్టముక్కతో విసురుతుంటే, వాళ్లెవరో నాకు తెలియనట్టు బొమ్మల కొట్టు వైపు తిరిగి నిలబడ్డాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. హాలండ్ మాటెత్తినా అమ్మ తల అడ్డంగానే ఊపింది. తను రాకపోతే మేమిద్దరం అమ్మమ్మ దగ్గరికి, నాన్న ఒక్కడూ అటు.

పక్కింటి పిన్ని మా కంపెనీ ఆసుపత్రిలో నర్సు, నరసాపురం వైపు మనిషి. నా మొరంతా ఆవిడ దగ్గర వెళ్లబోసుకున్నాను. ఆవిడ సాంతం విని, "అయితే పందెం వేసుకుందామే. డచ్చి ఇంజినీరు మీ నాన్నకిచ్చిన ఆ రెండు ఊళ్ల బొమ్మకార్డులూ అమ్మ ముందు పెట్టు. ఏ ఊరు బాగుందని మాత్రం అడక్కు. మనం ఎక్కడ కూర్చుందామమ్మా అని అడుగు. ఆమ్‌స్టర్‌డామ్ చూపించిందో, మీ నాన్నని ఒప్పించే పూచీ నాది" అంది.

గెలుపు నాదే అనుకున్నాను. ఆమ్‌స్టర్‌డామ్ కార్డు నిండా ట్రాములు, పడవలు, సైకిళ్లు, దీపాలు, ఇసకేస్తే రాలనంత జనం. రెండోదానిలో ఒక కాలవ, గట్టు మీంచి నీళ్ల దాకా దిగే రాతిమెట్లు, ఒక చెట్టు. మనిషన్నవాడు లేడు.

అమ్మ బియ్యం ఏరుతోంది. కార్డులు చేట పక్కన పెట్టి, పిన్ని చెప్పినట్టే అడిగాను. మొదటిది ఒక్క చూపు చూసి పక్కన పెట్టేసింది. రెండోది ఒళ్లోకి తీసుకుంది. ఆ మెట్ల మీద వేలు పెట్టి "రేవు" అంది.

ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో, బొంగురుపోయింది. అమ్మ పుట్టిల్లు కాలవ గట్టునే. బట్టలుతకడం, బిందె ముంచడం, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కబుర్లు చెప్పుకోవడం అన్నీ ఆ రేవులోనే. నేను ఇంకా ఆమ్‌స్టర్‌డామ్ కార్డు ముందుకు జరుపుతూనే ఉన్నాను. అమ్మ అది చూడకుండానే, "అక్కడ చలిట కదా, నీకు స్వెట్టరు లేదు" అంది.

గుమ్మంలో నిలబడ్డ పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓడింది నేనైతే, గెలిచిన ఆవిడ ఎందుకు ఏడుస్తోందో నాకు బోధపడలేదు.

ముగ్గురం ఉట్రెక్ట్ వెళ్లాం. అమ్మ రోజూ ఆ మెట్ల మీద కూర్చునేది, నేను పక్కన విసుక్కుంటూ కూర్చునేదాన్ని. కొన్ని వారాలకి ఒక మధ్యాహ్నం, నీళ్ల వైపే చూస్తూ, తమ్ముడి జుట్టు ఎంత ఒత్తుగా ఉండేదో చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. నాకేం చెయ్యాలో తెలియక అమ్మ చెప్పులు సర్ది పెట్టాను. ఆమ్‌స్టర్‌డామ్ కూడా ఒకరోజు చూశాం. వాన తప్ప ఏమీ గుర్తులేదు.

ఆ మెట్ల సంగతి నాన్నకి ముందే తెలుసా, నిజంగా అద్దె కోసమే ఎంచుకున్నాడా? పెద్దయ్యాక ఎన్నిసార్లు అడిగానో. "అద్దె తక్కువ కదే" అనేవాడు, పోయేదాకా అదే జవాబు. నాకు ఇప్పటికీ తేలలేదు. నేను మాత్రం ఎవరినైనా వెంటబెట్టుకుని కొత్త చోటికి వెళ్తే, చూడాల్సినవేమిటని అడగను. నా పక్కనున్నవాళ్లు ఎక్కడ కూర్చోగలరో ముందు అది వెతుకుతాను.