పోగులు కలిసినయి, మామ మాయమైండు

నవ్వం అంటేనే చెప్త. మొన్న నేను తీసిన ఫోటోల ఒక మనిషి మాయమైండు. ఎవలనుకున్నరు? నాకు పిల్లనియ్యాల్సిన కోరుట్ల పెద్దమనిషి!

సిరిసిల్లల ఫోటో స్టుడియోల నా పని మీకెరుకే. పోయిన నెల కోరుట్ల పోయి పిల్లను చూసొచ్చిన. పేరు పద్మ. చాయ్ ఇచ్చుకుంట ఒక్కపారి తలెత్తి చూసింది, గంతే! గప్పటి సంది గాలిల తేలుతున్న. డార్క్‌రూంల నీళ్లల్ల ఏ ఫోటో తేలినా గా కండ్లే అనిపిస్తున్నయి.

ఆమె నాయిన మాత్రం మెత్తవడలే. మా ఇల్లు చూడనీకి వచ్చి, మా నాయినతోని మొఖం మీదనే అన్నడు:

"పిలగాడు మంచోడే బావా. పని జూస్తెనే భయమైతాంది. ఫోటోలు తీసేటోన్ని ఇయ్యాల పోలీసోళ్లు పిలుస్తరు, రేపు అడివిలకెళ్లి అన్నలు పిలుస్తరు. పోతే ఒక తిప్పల, పోకుంటే ఒక తిప్పల. నా బిడ్డ తలుపు దిక్కు చూసుకుంట కూసోవాల్నా?"

అబద్ధమేం కాదాయె! పద్మ చెయ్యి జారిపోతున్నట్టే.

ఆయన వచ్చిన గా పొద్దుగాలనే మా వాడకట్టుల మగ్గానికెక్కియ్యనీకి పడుగు పోగులు చాపి గంజి పెడుతున్నరు. లేత ఎండ, గంజి వాసన, వీధి ఈ కొసకెళ్లి ఆ కొసదాక తెల్లటి పోగులు. చూస్తుంటే కల లెక్కనే ఉన్నది. నా పని ఎంత సక్కనిదో పెద్దమనిషికి చూపియ్యాలె అనుకున్న.

"మామా, పడుగు మొత్తం, మనోళ్లంత ఒక్క ఫోటోల వస్తరు! మూడు ముక్కలు తీసి అతికిస్త!"

అందరు పడుగు ముందల వరుసగ నిలవడ్డరు. కెమెరా రొమ్ముకాడ పట్టుకొని ఒకటి తీసిన. నడుము తిప్పి ఇంకోటి. మల్ల తిప్పి మూడోది. స్టాండు? స్టాండెందుకు, నేను గాలిల ఉంటి గద!

స్టుడియోకు పోయి ప్రింట్లు తీసి పక్కపక్కన పెట్టిన. పోగులు కలుస్తలెవ్వు! బట్ట నేసే సాలోళ్ల ఇంట్ల పుట్టినోన్ని, తెగిన పోగు చూస్తే చెయ్యి ఊకుంటదా? జరిపిన, ఇంకింత జరిపిన, కలిసినయి. బ్లేడుతోని కోసి అట్టకు అతికించిన. అబ్బ, పోగు పోగు కలిసింది! ఒకటే మురిసిన.

పొద్దుమీకంగ, నాకు పని నేర్పిన మా ఉస్తాద్‌ను గూడ తోలుకొని ఇంటికి పోయిన. అందరు ఎవల మొఖం వాళ్లు దొరకవట్టుకున్నరు. కోరుట్ల పెద్దమనిషి వేలు వెట్టి ఈ కొసకెళ్లి ఆ కొసదాక ఎతికిండు.

"నేనేడ పిలగా?"

లేడు! మా నాయిన భుజం మీద ఆయన చెయ్యి ఒక్కటి మాత్రం ఉన్నది. ఉంగరంతోని సహా.

మా ఉస్తాద్ ఫోటో దిక్కు చూసి తల కొట్టుకున్నడు. "బొటనవేలు ముందల వెట్టి ఒక్కొక్క కన్ను మూసి చూడు. వేలు జరుగుతాందా? దీన్నే ప్యారలాక్స్ అంటరు. నువ్వు నడుము తిప్పితే లెన్స్ గూడ పక్కకు జరిగింది. ఎనుకున్న పోగులు కలిపినవ్, ముందలున్న మనిషి రెండు ముక్కల నడుమల పాయె. లెన్స్ జాగల లెన్స్ ఉండి తిరగాలె రా!"

నా మనసుల పద్మ గూడ మెల్లగ మాయమైతున్నది.

పెద్దమనిషి గా ఒంటి చెయ్యి పక్కన తన ఉంగరం చెయ్యి పెట్టి చూసుకున్నడు. ఇగ సంబంధం పాయె అనుకున్న. ఆయన మా నాయిన దిక్కు తిరిగి,

"పిల్లనిస్త బావా" అన్నడు.

"ఏంది?" అన్నడు మా నాయిన.

"ఎదురుంగ నిలవడ్డోన్నే మాయం జేసిండు. గీ పిలగానితోని ఫోటోలు తీపిచ్చుకోనీకి పోలీసోళ్లు రారు, అన్నలు రారు. నా బిడ్డ నిమ్మలంగ నిద్రవోతది!"

సంబురంతోని నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి, దేవుని తోడు. ఇగ వచ్చే నెల లగ్గం. ఫోటోలు తీయనీకి జగిత్యాల మనిషిని మాట్లాడుమన్నడు మామ. మాట్లాడనీకి ఎవల్ని తోలిండో ఎరుకేనా? నన్నే!