బాపట్ల డబ్బులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (మరీ పాతకాలం కాదు లెండి, అందరి చేతుల్లోకీ స్మార్ట్ ఫోన్లు వచ్చాకే.) తెనాలిలో ఒక మందుల ఏజెన్సీలో కంప్యూటర్ ఆపరేటర్ని. రేపల్లె నుంచి రోజూ పాసింజరు బండిలో వెళ్లి వచ్చేవాణ్ణి. కంప్యూటర్లో బిల్లులు కొట్టే మనిషికి టెక్నాలజీ కంపెనీల గుట్టు కూడా తెలిసే ఉంటుందని మా బోగీలో వాళ్లు నమ్మారు. వాళ్లకంటే గట్టిగా నేను నమ్మాను. అప్పటికి కొత్తగా పెళ్లయింది. మా ఆవిడ డిగ్రీ పూర్తిచేసి, ఇంటి అరుగు మీద పిల్లలకు ట్యూషన్లు చెబుతూ డబ్బు కూడబెట్టుకుంటోంది. బాపట్లలో బి.ఎడ్. చదివి టీచరు కావాలని ఆమె కోరిక. అందుకే ఆ పొదుపుకి మా ఇంట్లో 'బాపట్ల డబ్బులు' అని పేరు. చేరడానికి ఇంకా ఏడాది ఉంది కదా, అందాకా బ్యాంకులో నిద్రపోవడం దేనికి, షేర్లలో పెడదామన్నాను. "మీకు తెలుసు కదండీ" అని మొత్తం నా చేతిలో పెట్టింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకు నేను ఎంచిన కంపెనీ ఒక పరికరం చేస్తుంది, దాన్ని రొయ్యల చెరువులో వేస్తే నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో మన ఫోన్‌కి చెబుతుంది. పెట్టి నాలుగేళ్లు కూడా కాని కుర్ర కంపెనీ. నా ఉపన్యాసం విని బోగీలో ముగ్గురు తలో కాసిని షేర్లు కొన్నారు. తెనాలిలోనే వేరే ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే బాబాయి, వేమూరులో బండెక్కే టీచరక్క, ఇల్లరికం వచ్చి పొద్దున్నే రేపల్లె దగ్గర చెరువులు చూసుకుని బేరాల కోసం తెనాలి వచ్చే రొయ్యల బావ. "మరి మీ చెరువులో ఆ పరికరం పెట్టారా బావగారూ?" అని అక్క అడిగింది. "అబ్బే, నేను రోజూ చెరువు కాడికి వెళ్తాగా, నాకెందుకండి?" అన్నాడాయన. అందరం నవ్వుకున్నాం. ఆ ఒక్క ముక్కకి కళ్లు తెరవాల్సింది పోయి, పల్లీల పొట్లం విప్పుకున్నాం.

షేరు పడటం మొదలైంది. సాయంత్రం బండిలో రేటు చూసుకోవడం, నలుగురం నిట్టూర్చడం. "కుర్ర కంపెనీ అన్నాక పడుతూ లేస్తూనే ఉంటుంది, కదలొద్దు" అని నేను ధైర్యం చెప్పేవాణ్ణి. "దిగితే నలుగురం కలిసే దిగుదాం అబ్బాయ్" అని బాబాయి నా భుజం తట్టాడు. నా మాట విని ఇరుక్కున్నారే అన్న బెంగతో, వాళ్లకి భరోసాగా ఉంటుందని, జీతంలోంచి మరికొన్ని కొన్నాను. (సంసారం మా ఆవిడ ఎలా నెట్టుకొచ్చిందో నేనడగలేదు.) "బాపట్ల డబ్బులు ఎందాకా వచ్చాయండి?" అని ఆమె అడిగితే, "కొన్న రేటుకి రానీ, ఆ క్షణమే అమ్మేస్తా" అనేవాణ్ణి. సగానికి సగం పోయినా, మిగిలింది అమ్మితే ఫీజుకి తక్కువైంది మా నాన్న వేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నష్టానికి అమ్మితే నా తెలివి ఏమైనట్టు? ఆ పంతంలోనే ఫీజు గడువు దాటిపోయింది. ఆ రోజు కూడా ఆమె మామూలుగానే అన్నం వడ్డించింది.

మర్నాడు బండిలో టీచరక్క, "చెల్లాయి బాపట్లలో చేరిందా తమ్ముడూ?" అంది.

"ఎక్కడక్కా, మనందరి డబ్బూ ఇరుక్కుపోయిందిగా!"

అక్క మొహం పాలిపోయింది. "నువ్వింకా అమ్మలేదా? మేం ఎప్పుడో అమ్మేశాం కదయ్యా!"

బాబాయి కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు. బావ నెమ్మదిగా, "నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. నీకు తోడుగా నిట్టూరుద్దామనుకున్నాం" అన్నాడు. అన్నాళ్లూ వాళ్ల కోసం నేను పట్టుకు కూర్చుంటే, నా కోసం వాళ్లు దిగులు నటించారన్నమాట. నేను ఎగబడి కొన్నవాటిలో అక్క అమ్మినవీ ఉన్నాయేమో! చాలా రోజులు వేరే బోగీ ఎక్కాను. నిజానికి కోపం వాళ్లమీద కాదు. తర్వాతి ఏడాదికి పాప కడుపులో పడింది. ఆపైన బాపట్ల ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మొన్నీమధ్య ఆ షేరు నేను కొన్న రేటుకి వచ్చింది. బండి దిగి ఇంటికి పరుగులాంటి నడక. ఆమె అరుగు మీద పిల్లలకి లెక్కలు దిద్దుతోంది. "బాపట్ల డబ్బులు వచ్చేశాయోయ్!" అని అరిచాను.

"ఏ బాపట్ల డబ్బులండి?" అంది, తలెత్తకుండానే.

మర్చిపోయిందో, మర్చిపోయినట్టు అందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకో పుస్తకం అందుకుంటూ తనే, "అమ్మేయండి, పాప స్కూలు ఫీజు కట్టాలి" అంది. అమ్మేశాను. ఏడేళ్లు నష్టంలో ఉన్నా షేరు వదలని నా ఓపిక గురించి, బోగీలో కొత్తగా ఎక్కే కుర్రాళ్లకి ఇప్పుడు గొప్పగా చెబుతుంటాను. ఇంట్లో మాత్రం ఓపిక అనే మాట ఎత్తను.