చెరెమ్కా వాడు గవర్నరయ్యాక

ఇన్నకెంతి పావ్లోవిచ్ జిర్యానొవ్ గవర్నరు కాకముందు నుంచీ ఆయన కారు నేనే నడిపాను. పదవి పోయాక కూడా ఆయన్ని చూస్తూనే ఉన్నాను. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ఆయన ఎదురుగా అంటే మాత్రం ముఖం తిప్పుకుంటాడు.

పుట్టింది నదికి అవతలి ఒడ్డున, చెరెమ్కా అనే పల్లెలో. తండ్రి అడవిలో కొట్టిన దుంగల్ని నీళ్లలో తోలేవాడు. కొడుకు రంపపు మిల్లులో కూలీగా చేరి డైరెక్టరయ్యాడు. పాత రాజ్యం కూలిపోయి జీతాలు ఆగిపోయిన చలికాలాల్లో, మిల్లు కలప ఇచ్చి బంగాళాదుంపలు తెప్పించి, గేటు దగ్గర తనే నిలబడి పంచాడు. జనం అది మరిచిపోలేదు. జిల్లా పెద్దగా ఎన్నుకున్నారు. ఆ తర్వాత మాస్కో నుంచి పిలుపొచ్చింది, గవర్నరయ్యాడు.

మొదట్లో దారిలో ఎక్కడపడితే అక్కడ కారు ఆపించేవాడు. "యెఫీమిచ్, ఆగు. ఆ ముసలాయనకి అంత చేప ఎక్కడ దొరికిందో కనుక్కుందాం," అనేవాడు. తర్వాత మా ముందొక కారు, వెనక రెండు కార్లు చేరాయి. ఆగడం కుదరలేదు. కొన్నాళ్లకి ఆగాలనీ అనిపించలేదు.

ఖర్చు తగ్గించాలని చిన్న ఊళ్ల ఆసుపత్రులు మూయించాడు. చెరెమ్కాది కూడా మూతపడింది. రిమ్మ అనే నర్సు మాత్రం ఆ భవనం పక్కగదిలో ఉండి ఊరందరికీ మందులూ సూదులూ చూసుకునేది.

ఆ వేసవిలో టీవీ వాళ్లని వెంటబెట్టుకుని సొంత ఊరికి బయల్దేరాడు. మేం వెళ్లేసరికి మూసిన ఆసుపత్రి తెరిచి ఉంది. గోడలకి తడి ఆరని రంగు, కిటికీలకి కొత్త పరదాలు, జిల్లా నుంచి తెచ్చిన మంచాలు. ఒక మంచం మీద గడ్డం దాకా దుప్పటి కప్పుకుని ఒక పెద్దావిడ పడుకుని ఉంది. ఆయనకి అక్షరాలు నేర్పిన టీచరు, అవ్గుస్తా తిమొఫేయెవ్నా. ఆయన్ని ఇప్పటికీ చిన్నప్పటి ముద్దుపేరుతో కెషా అనే పిలుస్తుంది.

ఈయన వంగి, "ఒంట్లో ఎలా ఉందండీ? ఏమిటి జబ్బు?" అన్నాడు.

"నాకేం జబ్బు కెషా? పొద్దున తోటలో కలుపు తీసుకుంటున్నాను. వచ్చి పడుకోమన్నారు, పడుకున్నాను. నువ్వు వెళ్లగానే లేవచ్చట."

అధికారులు నేల చూపులు చూశారు. తలుపు దగ్గర నిలబడ్డ రిమ్మ ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది. "మా టీచరు ఎప్పుడూ ఇంతే," అని ఈయనా నవ్వాడు గానీ చెవులు ఎర్రగా కందిపోయాయి. మేం నది దాటేసరికే మంచాలు జిల్లాకి తిరిగెళ్లాయట, ఆసుపత్రికి మళ్లీ తాళం పడిందట.

నవ్వినందుకు రిమ్మ ఉద్యోగం పోయింది. కార్యాలయం వాళ్లు ఆ పోస్టే అక్కర్లేదని రాసి తెచ్చారు. ఈయన సంతకం పెట్టాడు. చదివే పెట్టాడు. ఆ సంగతి తర్వాత ఆయనే చెప్పాడు నాతో.

ఆకులు రాలే రోజుల్లో టీచరు బస్సెక్కి నగరానికి వచ్చింది. కార్యాలయం కింది హాల్లో కూర్చుని ఉంటే నేను చూశాను.

"పైకి పంపడం లేదు బాబూ," అంది. "నవ్వింది రిమ్మ, నవ్వించింది నేను. వేసే శిక్షేదో నాకు వెయ్యమని చెప్పి పోదామని వచ్చాను."

నేను మెట్లెక్కి వెళ్లి ఆ మాటే ఆయనకి చెప్పాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"కారు వెనక గేటుకి తీసుకురా, యెఫీమిచ్."

"పొద్దుట్నించీ కూర్చుందండీ ఆవిడ."

"తెలుసు."

కారులో కూర్చున్నాక మెల్లిగా అన్నాడు. "ఆవిడ ఎదురుగా ఏ ముఖం పెట్టుకుని నిలబడను?"

రెండేళ్ల తర్వాత మాస్కోకి ఈయన మీద నమ్మకం పోయింది. ఒక్క వాక్యంతో తీసేశారు. మధ్యాహ్నానికల్లా ఫోను మోగడం మానేసింది. ఆ వారంలోనే, "నీ సొంత కారులో నన్ను చెరెమ్కా తీసుకెళ్తావా?" అని అడిగాడు. అడగడానికి కూడా సిగ్గుపడ్డాడు.

టీచరు తలుపు తీసి, బూట్లు విప్పమని చెప్పి, టీ పోసింది.

"క్షమించమని అడగడానికొచ్చాను," అన్నాడు.

"నన్నెందుకు? నాకు పోయిందల్లా రెండు పూటలు, ఒకటి ఆ మంచం మీద, ఒకటి మీ కార్యాలయం హాల్లో. రిమ్మ దగ్గరికెళ్లు. జిల్లా బజార్లో చేపలు కోస్తోంది."

వెళ్లాం. రిమ్మ తలెత్తింది గానీ కత్తి ఆపలేదు.

"నేను జిర్యానొవ్‌ని."

"తెలుసు. ఏ చేప కావాలి?"

ఆయన టోపీ తీసి చేతిలో నలుపుతూ, "మీ ఉద్యోగం తీసింది నేనే. తప్పని తెలిసే తీశాను," అన్నాడు.

"ఇలా చెప్పుకుంటే మీ మనసు తేలికపడుతుంది. నాకేం తేలికపడుతుంది? వెనక జనం ఉన్నారు, జరగండి."

జరిగాడు. కారులో కూర్చుని ముఖానికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు. నేను వెంటనే బండి తీయలేదు.

ఆ తర్వాత ఆయన చెరెమ్కాలోనే తండ్రి ఇంట్లో ఉండిపోయాడు. ఒక పాత వ్యాను కొని, జబ్బుపడ్డవాళ్లని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఇంజను మొరాయిస్తే నేను వెళ్లి చూసేవాణ్ణి. మొదట్లో ఎవరూ ఎక్కలేదు. ఎక్కక తప్పనివాళ్లు ఎక్కి దెప్పేవాళ్లు.

"ఏమండీ గవర్నరుగారూ, ముందు కారూ వెనక కార్లూ ఏవీ? దారి తప్పాయా?" అనేవాడు మోకాళ్ల నొప్పుల స్తెపాన్.

"కాలు లోపల పెట్టు, తలుపు వెయ్యాలి," అనేవాడీయన.

మొన్న వసంతంలో మంచు కరిగి దారంతా బురదయింది. నిండు గర్భిణి ఒకామె వ్యానులో ఉంది. గుంటలో పడ్డప్పుడల్లా పొట్ట పట్టుకుంటోంది.

"మన ఆసుపత్రి ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగింది.

"మూసింది నేనేనమ్మా."

"ఎవరు మూశారో ఊరందరికీ తెలుసు. ఎప్పుడు తెరుస్తారని అడిగాను."

ఆయన బండి వేగం తగ్గించి, గుంటలు తప్పిస్తూ నడిపాడు. ఆమె జిల్లా ఆసుపత్రిలో క్షేమంగా ప్రసవించింది, ఆడపిల్ల. చెరెమ్కా ఆసుపత్రి ఇప్పటికీ తెరవలేదు.