తెగిపోయే గొంతుకి నేను కట్టిన లెక్కలు

కార్డ్‌లెస్ మైకులో నా గొంతు ఎందుకు తెగిపోతోందో కనిపెట్టడానికి నేను ఒక నోటుబుక్కు మొత్తం నింపాను. ఎన్ని అడుగుల దూరంలో తెగింది, ఎంతసేపు తెగింది, అప్పుడు ఎద్దులు నాకు ఏ పక్కన ఉన్నాయి, గాలి ఎటు వీస్తోంది, అన్నీ గళ్ళు గీసి రాశాను. అసలు కారణానికి మాత్రం అందులో ఒక్క గడి కూడా లేదు. అది నా నడుము దగ్గరే ఉంది. అక్కడ ముడేసి పెట్టింది కూడా నేనే.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన రోజులు. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్లో కాటా గుమస్తాగా ఉండేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బుంటుంది. తనకి తెలిసినదంతా తన కష్టార్జితం కాబట్టి తెలియనిది పెద్దగా ఉండదనుకుంటాడు. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది.

ఆదివారం కొట్టుకి సెలవు. శివరాత్రి నుంచి శ్రీరామనవమి దాకా మా అద్దంకి వైపు ఏదో ఒక ఊళ్ళో బండలాగుడు పందేలు జరిగేవి. పత్తి తీసేసిన చేలో మూడు వందల అడుగుల బాట చదును చేస్తారు. ఎడ్ల జత రాతిబండని లాగుతూ ఆ చివరికి వెళ్ళి మళ్ళీ ఈ చివరికి రావాలి, అది ఒక రౌండు. ఇరవై నిమిషాల్లో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిది గెలుపు. ఆ దూరం కొలిచి, ఎద్దుల పక్కనే నడుస్తూ మైకులో చెప్పడం నా పని. కూలీ లేదు, భోజనం పెట్టేవాళ్ళు. అయినా శనివారం రాత్రే బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. రెండు వేల మంది నోరు మూసుకుని నా నోటి నుంచి వచ్చే అంకె కోసం ఎదురు చూడటం అంటే ఏమిటో కాటా దగ్గర నిలబడేవాడికి తెలుస్తుంది. కొట్లో నేను ఏ అంకె చెప్పినా ముందు కాదనేవాళ్ళే.

మైకుసెట్టు మా ఊరివాడిదే. దూదేకుల సాయిబుల కుటుంబం. వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడు, ఇతను అద్దంకిలో మైకుసెట్టు కొట్టు పెట్టాడు. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునేవాళ్ళం. మైకుకి తీగ ఉన్న రోజుల్లో నేను ఎద్దుల పక్కన నడుస్తుంటే, నా వెనకాల ఆ తీగని చేత్తో ఎత్తి పట్టుకుని, ఎద్దుల కాళ్ళకి చుట్టుకోకుండా అతను పరిగెత్తేవాడు. ఒక జతకి ఇరవై నిమిషాలు, రోజుకి తొమ్మిది పది జతలు. మనుషుల్ని పెట్టి చూశాడు కానీ ఎద్దు ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టి తీగ తప్పించడం ఎవరి చేతా కాలేదు. అలా పదిహేనేళ్ళు పరిగెత్తాక మోకాళ్ళు పోయాయి. ఇంకా పరిగెత్తితే నడక కూడా ఉండదని గుంటూరు డాక్టరు చెప్పాడు.

అందుకే కార్డ్‌లెస్ మైకు తెచ్చాడు. ఆ చుట్టుపక్కల అదే మొదటిది. అది పనిచేస్తే కూర్చున్నచోటి నుంచే పందేల పని చేసుకోవచ్చు. పనిచెయ్యకపోతే పందేలు ఇంకో సెట్టువాడికి పోతాయి. అతనికి మధ్యదారి లేదు. ఆ సంగతి అతను నాకు చెప్పలేదు, వాళ్ళావిడ చెప్పింది. పందేలకి పోకపోతే ఈ మనిషి ఇంట్లో మనిషిలా ఉండడు అన్నయ్యా, అంది.

మొదటి ఆదివారం పెట్టె విప్పాం. కాలరుకి తగిలించుకునే చిన్న మైకు, నడుముకి పెట్టుకునే సిగరెట్టు పెట్టెంత డబ్బా. ఆ డబ్బా కింది నుంచి మూరెడు సన్నటి నల్ల తీగ దేనికీ కలవకుండా ఊరికే వేలాడుతోంది. అది చూడగానే నా చెయ్యి ఊరుకోలేదు. మా యార్డులో మిర్చి బస్తాని టిక్కీ అంటారు. టిక్కీ మూతి కుట్టాక పురికొస చివర వేలాడుతుంటే ఆ టిక్కీని నేను కాటా ఎక్కించనిచ్చేవాణ్ణి కాదు. వేలాడే కొసని ఎవడో ఒకడు లాగుతాడు, కుట్టు మొత్తం ఊడుతుంది, కాయ నేలపాలవుతుంది. కాబట్టి కొసని మడిచి, ముడేసి, లోపలికి దోపెయ్యాలి. ఇరవై ఏళ్ళు అదే పని చేసిన చెయ్యి నాది. ఆ నల్ల తీగని వేలికి నాలుగు చుట్లు చుట్టి, జేబులోని పురికొసతో బిగించి, నడుము పట్టీలోకి దోపాను.

"అట్టా కట్టెయ్యొచ్చా బావా?" అన్నాడు అతను.

"ఎద్దు కొమ్ముకి తగిలితే డబ్బా పోతుంది. నీకెందుకు, నాకొదిలెయ్" అన్నాను. అంకెలు చెప్పే గొంతుతోనే అన్నాను.

ఆ రోజు లౌడ్‌స్పీకరు హారన్లలో నా గొంతు గంటకొకసారి నీళ్ళొచ్చే కుళాయిలా వచ్చింది. వంద అడుగులు దాటేసరికి తుంపులు తుంపులయ్యేది. జనం ఊరుకుంటారా? "ఒరేయ్, లెక్కలాయన అడుగులు మింగుతున్నాడ్రా, నీళ్ళివ్వండి" అని ఒకడు, మధ్యాహ్నం భోజనం ఎక్కువైందని ఇంకొకడు. సాయంత్రానికి లెక్క తేల్చాను. రౌండుకి సగటున పద్నాలుగుసార్లు తెగింది.

రెండో ఆదివారానికి నా దగ్గర సిద్ధాంతం తయారైంది. నా గొంతుని అందుకునే రిసీవరు పెట్టె నేల మీదుంది, దానికీ నాకూ మధ్య ఎద్దుల ఒళ్ళు అడ్డమొస్తోంది, కాబట్టి పెట్టెని ఎత్తులో పెట్టాలి. చేలో ఎత్తయినది ట్రాక్టరు ట్రాలీ. పెట్టెని దాని పైన పెట్టి, మీటలు సరిచూసుకుంటూ పక్కన కూర్చోవలసింది సెట్టు యజమాని. అతను టైరు మీద ఒక కాలు పెట్టి, అంచు పట్టుకుని, రెండో కాలు ఎత్తడానికి రెండుసార్లు ఊగి, అప్పుడు ఎక్కాడు. నేను కింద నిలబడి నోటుబుక్కు తీశాను. తెగడం పద్నాలుగుసార్ల నుంచి తొమ్మిదికి తగ్గింది. ఆ అయిదు తగ్గడమే కొంప ముంచింది. అస్సలు తగ్గకపోతే ఇంకోవైపు చూసేవాణ్ణేమో. తగ్గింది కాబట్టి దారి సరైనదేనని, ఇంకా పోవాలని నిర్ణయించుకున్నాను.

ట్రాలీ ఇనుముది కదా, దాని దోషమేమో అనుకుని మూడో ఆదివారం పెట్టె కింద పత్తి నింపే బోరెం గోతాం వేయించాను. తర్వాత తీయించాను. ఎడమ మూల నుంచి కుడి మూలకి మార్పించాను. పైన పోతున్న కరెంటు లైనుకి ఎడంగా ట్రాలీనే జరిపించాను. ప్రతిదానికీ అతను దిగాలి, మళ్ళీ ఎక్కాలి. దిగినప్పుడల్లా టైరు పక్కన కాసేపు నిలబడిపోయేవాడు. నేను ఆ కాసేపట్లో గళ్ళు గీసుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం నాలుగు పళ్ళొచ్చిన ఎద్దుల విభాగంలో చివరి జత దూరం చెబుతుంటే సరిగ్గా అంకె దగ్గర గొంతు పోయింది. మళ్ళీ చెప్పాను, మళ్ళీ పోయింది. ఆ జత మనుషులూ, అప్పటిదాకా ముందున్న జత మనుషులూ బాట మీదికి వచ్చేశారు. నోటుబుక్కు లాక్కుని చూశారు. అందులో గొంతు తెగిన లెక్కల గళ్ళు కనపడితే, ఇదేం లెక్కరా, మా ఎద్దుల లెక్క ఏదీ అని ఇంకా మండిపడ్డారు. పందేల కమిటీ పెద్దాయన వచ్చి సర్దిచెప్పి, జనం వెళ్ళాక ట్రాలీ దగ్గరికి వచ్చాడు. ఆయన ఏ మాటైనా మొహం మీదే అంటాడు.

"సాయిబూ, నీ మీద కోపం లేదు. వచ్చే వారం చూస్తా. తెగిందా, శ్రీరామనవమికి తీగ మైకువాణ్ణి పిలుచుకుంటా. నువ్వు పరిగెత్తలేవు, నేను జనాన్ని ఆపలేను."

అతను సరేనండీ అన్నాడు. నాకేసి చూడలేదు. గుంటూరు బస్సులో నేను కొత్త పేజీ తిప్పి, ఈసారి దోషం సెల్‌ఫోను టవరుదేమోనని దాని దూరం వేసుకున్నాను.

నాలుగో ఆదివారం పొద్దున్నే, జనం రాకముందే చేలోకి వెళ్ళాం. అతను ట్రాలీ ఎక్కి రిసీవరు దగ్గర కూర్చున్నాడు. నేను మైకు తగిలించుకుని, వంగి టేపుతో బాట కొలిచాను. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాను. ఇరవై అంకెలూ హారన్లలోంచి గింజలు రాలినట్టు రాలాయి. ఒక్కటి కూడా పోలేదు. మూడు వందల అడుగుల అవతల ట్రాలీ మీద అతను రెండు చేతులూ ఎత్తాడు.

రాసుకుందామని తల వంచాను. నల్ల తీగ నా మోకాలి పక్కన ఊగుతోంది. బాట కొలుస్తూ వంగినప్పుడు పురికొస తెగినట్టుంది.

నాకు అర్థమైంది, ఆ తీగే డబ్బాకి ఏరియలు. కానీ అర్థం కాకపోతే బాగుండునని, మళ్ళీ తీగ చుట్టి దోపి, ఇరవై లెక్కపెట్టాను. ఏడు పోయాయి. విప్పి లెక్కపెట్టాను. ఒక్కటీ పోలేదు. మళ్ళీ చుట్టాను. ఎనిమిది పోయాయి. ఇలా మూడుసార్లు చూశాను. ఒక్కసారైనా నా పక్షాన వస్తుందేమోనని ఆశ. "ఏం చేస్తున్నావు బావా, ఒకసారి వస్తోంది, ఒకసారి పోతోంది" అని అతను అరిచాడు. నిలబడే చోటు మారుస్తున్నానని చెప్పాను. చివరికి తీగని వేలాడనిచ్చి అతని దగ్గరికి వెళ్ళాను. ఆ నడకలో ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా వాక్యం కట్టుకున్నాను.

నేను నోరు తెరిచేలోపు అతనే అన్నాడు, ఇదంతా ఎత్తు మహిమేనని, నువ్వు మొదట్నించీ చెప్పిందే నిజమని, నేనే నీ మాట మీద గురి లేక లోపల్లోపల తిట్టుకున్నానని. ఇక ఎన్ని పందేలైనా ఈ ట్రాలీ దిగనన్నాడు. ఆ మాట విన్నాక నా నాలుగు వాక్యాలూ ఎటు పోయాయో తెలియదు.

ఆ రోజంతా ఒక్క అంకె తెగలేదు. పెద్దాయన భోజనాల దగ్గర నన్ను పదిమందికీ చూపించి, వీడి లెక్క వల్లే మైకు బాగుపడిందన్నాడు. నేను ముద్ద మింగుతూ తలూపాను. అతను మధ్యాహ్నం నమాజుకి ఒకసారి దిగాడు, మళ్ళీ ఎక్కాడు. మార్చి ఎండలో ఇనుప ట్రాలీ మీద, తలకి తువ్వాలు కట్టుకుని, అవసరం లేని ఎత్తులో సాయంత్రం దాకా కూర్చున్నాడు. నేను కింద మూడు వేల ఆరు వందలూ, మూడు వేల ఏడు వందల నలభైలూ చెబుతూ ఉన్నాను.

పందేలు ముగిశాక అతను దిగలేకపోయాడు. కాలు కిందికి దించబోయి, ముఖం చిట్లించి, మళ్ళీ పైకి లాక్కున్నాడు. కాసేపాగి దిగుతాలే అన్నాడు. అప్పుడు చెప్పాను. కట్టుకున్న వాక్యాలేవీ రాలేదు. నడుము నుంచి ఆ తీగ ఎత్తి చూపించి, "ఇది వేలాడాలి. నేను కట్టేశాను. ఎత్తుతో పని లేదు" అన్నాను. పొద్దుటే తెలిసిందని కూడా చెప్పాను.

అతను తీగకేసి, ట్రాలీ టైరుకేసి చూశాడు.

"ఎన్నిసార్లు ఎక్కించావు?"

"రెండో వారం మూడు, పోయినవారం ఆరు, ఇవాళ రెండు. పదకొండు."

"దిగడం లెక్కేశావా?"

వెయ్యలేదు. మోకాలికి ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ నొప్పని కూడా అప్పటిదాకా నాకు తట్టలేదు. టైరుకి ఆనుకుని నిలబడి భుజాలిచ్చాను. అతను రెండు టిక్కీల, అంటే ఎనభై కిలోల బరువున్న మనిషి. ఏమాత్రం మొహమాటపడకుండా మొత్తం బరువు నా మీదే వేసి దిగాడు. దిగాక కూడా ఆ బరువు కాసేపు తియ్యలేదు.

పెద్దాయన లెక్కలు చూసుకుని ఇటే వచ్చి, ఇంతకీ దోషం ఎక్కడుందో చెప్పమన్నాడు. అతను నాకేసి చూశాడు. ఈసారి నేనే మొదటి నుంచీ చెప్పాను, టిక్కీ కొస దగ్గర నుంచి. పెద్దాయన విని, "అంటే పెట్టె మంచిదే. మనిషిని మార్చాలి" అన్నాడు.

"మనిషీ పర్లేదండి. చేతులు కట్టేస్తే చాలు" అన్నాడు మా బావ.

శ్రీరామనవమి పందేలు అతనికే వచ్చాయి. రిసీవరుని ముక్కాలిపీట మీద పెట్టుకుని, పందిరి నీడలో కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నా నడుముకి డబ్బా తనే కట్టి, తీగని కిందికి లాగి, నన్ను ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకోకూడదని నాకూ తెలుసు. అయినా రౌండుకొకసారి, అంకె చెబుతూ చెబుతూ, నా చెయ్యి దానంతటదే ఆ కొస మీదికి పోయేది. హారన్లలో గొంతు కాస్త గీరుకునేది. వెంటనే పందిరి కింద నుంచి, రెండు వేల మంది వినేలా, "చెయ్యి తియ్యి బావా" అనే కేక వచ్చేది.